సగం రింగులు, సగం సాపు: ఏడేళ్ల అనుభవంతో సలహాలు

స్మూత్‌నింగ్ మానేసి పుట్టుజుట్టుకు మళ్లుదామనుకునే ఆడవాళ్లకు సలహా చెప్పే అర్హత యూసుఫ్‌గూడ మొత్తంలో నాకున్నంతగా ఇంకెవరికీ లేదు. మిగతావాళ్లు ఏడాదికో ఏడాదిన్నరకో ఆ పని ముగించుకుని పోతారు. అంత తక్కువ అనుభవంతో వాళ్లు ఎవరికైనా ఏం చెప్పగలరు? నేను 2018 సంక్రాంతికి మొదలుపెట్టి, ఏడేళ్లుగా అదే పనిలో ఉన్నాను. మధ్యలో అయిదుసార్లు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను కూడా.

నేను అకౌంట్స్ మనిషిని. పంజాగుట్టలో ఒక ఆఫీసులో ఇతరుల ఖర్చులు రాస్తుంటాను. అందుకని ముందు లెక్క, తర్వాత సలహాలు. మనిషి వెంట్రుక నెలకు సుమారు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఏడాదికి 15. ఏడేళ్లకు 105. అంటే నా రింగుల్ని సాగదీస్తే ఈపాటికి నడుము దాటి కిందికి దిగాలి. నిన్న రాత్రి మా అబ్బాయి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి కొలుచుకున్నాను. 9 సెంటీమీటర్లు ఉంది. మిగతా 96 ఎటు పోయాయో చదివేవాళ్లకే తెలియాలి. నాకైతే ఇంకా టాలీ కావడం లేదు.

కత్తెరను ఇంట్లో కనబడనివ్వకండి

ఇది మొదటి సలహా, అతి ముఖ్యమైనది. ఎందుకో చెప్పాలంటే కాస్త రసాయనశాస్త్రం కావాలి. వెంట్రుకంటే కెరాటిన్ అనే మాంసకృత్తు పోగుల కట్ట. ఆ పోగుల్ని ఒకదానికొకటి పట్టి ఉంచేవి గంధకపు ముడులు. స్మూత్‌నింగ్‌లోగానీ రీబాండింగ్‌లోగానీ ముందు రాసే క్రీములో అమోనియం థయోగ్లైకొలేట్ లాంటి మందు ఉంటుంది. పార్లర్ మెట్లెక్కుతుండగానే ముక్కుకు తగిలే ఆ కుళ్లిన గుడ్డు వాసన దానిదే. అది ముడులు విప్పుతుంది. తర్వాత పాయపాయా ఇస్త్రీ చేసి, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న రెండో క్రీముతో ఆ సాపులోనే మళ్లీ ముడులు వేసేస్తారు. ఇక ఆ వెంట్రుక చచ్చేదాకా సాపే. చచ్చేదాకా అనడం కూడా తప్పు, తల్లోంచి బయటికొచ్చేసరికే అది చచ్చింది. బతికున్నది చర్మం లోపలున్న కుదురు ఒక్కటే. రింగు తిరగాలా వద్దా అని తేల్చేదీ అదే. దాన్ని ఏ క్రీమూ మార్చలేదు.

అందువల్ల ఏ నూనె రాసినా, ఏ మాస్కు వేసినా సాపు చేసిన జుట్టు మళ్లీ ఉంగరం తిరగదు. కొత్తది పెరగాలి, పాతది కత్తిరించాలి. శాస్త్రం చెప్పేది ఇంతే. రెండు వాక్యాల్లో అయిపోయే శాస్త్రంతో వ్యాసం రాయలేం కాబట్టి నేను దాన్ని ఒప్పుకోను.

ఒప్పుకుంటే ఏమవుతుందో మా అక్క కూతురిని చూడండి. మధురానగర్‌లో హాస్టల్లో ఉంటూ అమీర్‌పేటలో ఏదో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటోంది. ఆదివారం భోజనానికి మా ఇంటికి వస్తుంది. ఇంటర్ నుంచీ నాతోపాటే స్మూత్‌నింగ్ చేయించుకున్న పిల్ల. కిందటేడు ఒక ఆదివారం నేను పప్పు తాలింపు వేస్తుంటే బాత్‌రూంలోంచి కత్తెర చప్పుడు వినిపించింది. బయటికొచ్చేసరికి సాపు జుట్టంతా న్యూస్‌పేపర్లో ఉంది, తల మీద రెండంగుళాల రింగులున్నాయి.

"ఇదేం పనే?" అన్నాను.

"అయిపోయింది పిన్నీ" అంది.

అంతే. మామిడికాయ పప్పు రెండుసార్లు కలుపుకుని తిని, ఫ్యాను కింద నిద్రపోయింది. ఇదీ ఈ కాలం పిల్లల వరస. ఒక్క ముక్కలో తేల్చేస్తే చుట్టుపక్కలవాళ్లు సలహా ఇవ్వడానికి ఏం మిగులుతుంది? దాని దారిలో వెళ్లకండి.

మీరు పాతదాన్ని కడదాకా మోయండి. పైన నాలుగంగుళాలు రింగులు, కింద అడుగున్నర సాపు. రెండూ కలిసే చోటే పోగు బలహీనం, తెగితే అక్కడే తెగుతుంది. రోజూ దువ్వెనకు వచ్చేవాటిలో సగం అలా తెగినవే. దీంట్లో లాభం కూడా ఉంది. కత్తెర పెట్టకుండానే కత్తిరింపు జరిగిపోతుంది, ఒక్కో పోగు ఒక్కో పొడవులో. దీన్నే లేయర్ కట్ అని బంజారాహిల్స్‌లో వెయ్యి రూపాయలు తీసుకుంటారు.

రోజూ పొద్దున ఇస్త్రీ

సగం రింగులు, సగం సాపు ఉన్న తలను జనం చూడకూడదు. చూస్తే అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెబితే, "అసలెందుకు చేయించుకున్నావు?" అంటారు. దానికి నా దగ్గర మొదటిసారి చేయించుకున్న 2014 నుంచీ జవాబు లేదు. కాబట్టి రోజూ పొద్దున పై నాలుగంగుళాల రింగుల్ని ఇస్త్రీ చేసి కిందిదానితో కలిపేయండి.

ఆఫీసుకు టైమవుతుంటే తడి ఆరేదాకా ఆగక్కర్లేదు. 200 డిగ్రీలు పెట్టి తడి పాయ మీదే లాగండి. దోశ పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చుయ్యిమంటుంది, పొగ వస్తుంది, ఎవరో మన కోసం కష్టపడుతున్నట్టు తృప్తిగా ఉంటుంది. వెంట్రుక లోపలి నీరు ఒక్కసారిగా ఆవిరై బుడగలు కట్టి పోగును లోపలినుంచి చీలుస్తుందని చర్మవ్యాధుల డాక్టర్లు అంటారు. అననివ్వండి. నెలల తరబడి ఇలా చేస్తే కొత్తగా వచ్చిన రింగులు కూడా బలం పోయి సాగిపోతాయి. అంటే మందు ఖర్చు లేకుండానే స్మూత్‌నింగ్ అన్నమాట. స్మూత్‌నింగ్ మానేయడానికి ఇంతకంటే చవకైన మార్గం లేదు.

లెక్క రాసుకోండి. ఇస్త్రీ, తెగుడు పద్దు కింద 28 సెంటీమీటర్లు.

శుభకార్యాలకు మినహాయింపు ఇవ్వండి

ఏ వ్రతానికైనా కొన్ని సడలింపులుంటాయి. ఏకాదశి నాడు ఉప్మా తినడం లేదూ? అలాగే దీనికీ పెళ్లిళ్లు, నిశ్చితార్థాలు, సీమంతాలు, గృహప్రవేశాలు, ఆఫీసు వార్షికోత్సవం మినహాయింపు. నా మొదటి ప్రయత్నం మా మరిది పెళ్లి దాకా సాగింది. రెండోది ఆ మరిది కొడుకు బారసాల దాకా.

అన్నింట్లోకీ పెద్ద ప్రయత్నం 2020లో. మార్చి చివర లాక్‌డౌన్ పెట్టారు, పార్లర్లు మూసేశారు, ఆఫీసు ఇంట్లోకి వచ్చింది. మీటింగుల్లో కెమెరా ఆపేసుకునేదాన్ని. ఎవరూ చూడలేదు, నేనూ ఏమీ చేయలేదు. ఎనిమిది నెలలు తిరిగేసరికి 10 సెంటీమీటర్ల రింగులు, ఒక్కటీ తెగకుండా. నా జీవితంలో అంత సాఫీగా జరిగిన పని ఇంకోటి లేదు. అప్పుడు పిన్నత్తగారి మనవరాలి పెళ్లి కుదిరింది. కరోనా భయంతో యాభైమందికే పిలుపు. ఆ యాభైమందిలో నేనున్నాను. అంత ఏరి కోరి పిలిస్తే కాకిగూడు తలతో వెళ్తామా?

కృష్ణానగర్ సందులో నేను వెళ్లే పార్లర్ ఉంది. నడిపే అమ్మాయి నాకంటే చిన్నదే. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పాపిడి తీసి, లోపలికి చూసి, "ఏందక్కా, సగం గిట్ల, సగం గట్ల? ఎవలన్న జూస్తే ఏమనుకుంటరు? జర కూసో, మూడు గంటలల్ల సాపు జేస్త" అంది. ఎవరన్నా చూస్తే అనే మాట విన్నాక నాకు లేచే ఓపిక ఉండదు. కూర్చున్నాను.

ఇక్కడ చిన్న పక్కదారి. యూసుఫ్‌గూడ చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర ఎర్రలైటుకు ఆగిన ప్రతిసారీ నాకు గారెట్ మోర్గన్ గుర్తొస్తాడు. అమెరికాలో నల్లజాతి మనిషి, 1923లో ట్రాఫిక్ సిగ్నల్ ఒకటి కనిపెట్టి పేటెంట్ తీసుకున్నాడు. అంతకు పదేళ్ల ముందు నుంచే జుట్టు సాపు చేసే క్రీము అమ్మేవాడు. కుట్టుమిషన్ సూది రాపిడికి గుడ్డ కాలిపోకుండా ఏదో ద్రవం తయారుచేస్తుంటే, అది చేయి తుడుచుకున్న బట్ట నూగును సాపు చేసిందని, ఆ తర్వాత పొరుగింటి కుక్క మీద ప్రయత్నించాడని చెబుతారు. మనల్ని ఆపే సిగ్నలూ మనల్ని ఆగనివ్వని క్రీమూ ఒకే బుర్రలోంచి వచ్చాయన్నమాట.

స్మూత్‌నింగ్ తర్వాత మూడు రోజులు తల తడపకూడదు. జడ వేయకూడదు, క్లిప్పు పెట్టకూడదు, వెంట్రుక చెవి వెనక్కి తోయకూడదు. ముడులు ఇంకా కుదురుకుంటుంటాయట, ఎక్కడ వంగితే అక్కడ గుర్తు పడిపోతుందట. అందుకని ముహూర్తానికి సరిగ్గా నాలుగు రోజుల ముందు చేయించుకోవాలి. అదీ వానాకాలంలో అయితే ఇంకా రుచి. శ్రావణంలో పెట్టుకున్న ఇంకో పెళ్లికి చేయించుకున్న రెండో రోజు ఆఫీసు నుంచి వస్తుంటే అమీర్‌పేటలో మెట్రో మారేసరికి ఆకాశం నల్లబడింది. మధురానగర్ దాటాక అద్దాల మీద చినుకులు మొదలయ్యాయి. యూసుఫ్‌గూడలో దిగేసరికి కుండపోత. స్టేషన్ మెట్ల దగ్గర గంటన్నర నిలబడ్డాను, తల మీద చీరల షాపు కవరు, పైన చున్నీ, మెడ కదల్చకుండా. కృష్ణానగర్ రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. మా పక్కింటి ఆవిడ అదే నీళ్లలో చీర ఎత్తి పట్టుకుని నడిచి వస్తూ నన్ను చూసి ఆగి, "ఏమైందమ్మా, తలకు దెబ్బ తగిలిందా?" అని అడిగింది. తగిలిందన్నాను. అది సులభమైన జవాబు.

శుభకార్యాల పద్దు కింద 51.

ఫార్మాలిన్ లేని మందు అడిగి తీసుకోండి

స్మూత్‌నింగ్ తప్పని తెలిసినవాళ్లు కెరాటిన్ చేయించుకోవాలి. "అది కెమికల్ కాదక్కా, ట్రీట్‌మెంట్" అని నాకు స్వయంగా చెప్పారు. కెరాటిన్, బొటాక్స్, నానోప్లాస్టీ... పేరులో మందుల షాపు వాసన ఎంత ఉంటే జుట్టుకు అంత మంచిది. ఇస్త్రీ పెడుతుంటే కళ్లు మండి నీళ్లు కారితే మందు పనిచేస్తోందని అర్థం. శవాల్ని, ల్యాబుల్లో కప్పల్ని పాడవకుండా ఉంచేది కూడా ఆ మందే. ఫార్మాల్డిహైడ్ దాని పేరు, నీళ్లలో కలిపితే ఫార్మాలిన్. క్యాన్సర్ పరిశోధనల అంతర్జాతీయ సంస్థ 2004లో దాన్ని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో చేర్చింది. కప్పకు పట్టిన మందు మనకు పట్టదా అని నేను దిగులు పడలేదు. కప్పలైతే చాలా ఏళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

అయినా భయమేస్తే ఫార్మాలిన్ లేనిది అడగండి. డబ్బా మీద ఆ మాట పెద్దక్షరాల్లో ఉంటుంది, వెనక చిన్నక్షరాల్లో గ్లైఆక్సిలిక్ యాసిడ్ అని ఉండొచ్చు. చిన్నక్షరాలు చదివే అలవాటు మానుకోండి. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫ్రాన్స్ డాక్టర్లు ఒక 26 ఏళ్ల అమ్మాయి సంగతి రాశారు. మూడుసార్లు జుట్టు సాపు చేయించుకుంది, మూడుసార్లూ ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి. అనుమానం ఆ యాసిడ్ మీదికే పోయింది. మన బంధువుల్లో ఎవరికీ అలా కాలేదు కదా? కిడ్నీలు ఎలా ఉన్నాయని బంధువుల్ని ఎవరడిగారులెండి, జుట్టు ఎలా ఉందనే అడుగుతాం.

పరిశోధనల జోలికి అసలే పోవద్దు. అమెరికాలో 33,497 మంది ఆడవాళ్లను పదేళ్లకు పైగా గమనించి 2022లో ఒక అధ్యయనం వెలువరించారు. జుట్టు సాపు చేసే మందులు ఎన్నడూ వాడనివాళ్లలో 70 ఏళ్లు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతం. ఏడాదిలో నాలుగుసార్లకు మించి వాడినవాళ్లలో 4.05 శాతం. ఇది సంబంధం మాత్రమే, మందే కారణమని తేలలేదని వాళ్లే అన్నారు. ఆ రెండో మాటను గట్టిగా పట్టుకోండి. మొదటి మాట రాత్రి పదకొండింటికి దానంతటదే గుర్తొస్తుంది.

నూనెలు, నీళ్లు

సహనం తక్కువగా ఉన్నప్పుడు సీసాలు ఎక్కువ కావాలి. నా బాత్‌రూం అలమారలో ఎనిమిది నూనెలున్నాయి. ఉల్లిపాయ నూనె, ఆముదం, బాదం నూనె, పేరు పలకలేనివి రెండు. అన్నీ కలిపి రాస్తే దేనికి ఏ గుణముందో తెలియకపోయినా అన్ని గుణాలూ వస్తాయి. 2003లో ఒక పరిశోధనలో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలు మూడూ పోల్చి చూస్తే వెంట్రుకలోంచి మాంసకృత్తు పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటేనని తేలింది. దాని అణువు చిన్నది, నిటారుది, పోగులోకి దూరగలదట. మా అమ్మ తెనాలిలో దీన్ని ఏ పరిశోధనా లేకుండా యాభై ఏళ్లు వాడింది. ఇంట్లో దొరికేదాన్ని నమ్మడం కష్టం గనకే మిగతా ఏడు సీసాలూ.

నీళ్ల విషయానికొస్తే, నల్లా వచ్చే రోజు ఆ నీళ్లు బట్టలకు, బోరు నీళ్లు తలకు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. బకెట్ అంచున తెల్లగా గార కడుతుంది చూడండి, అదే జుట్టు మీదా కడుతుంది. ఆ బిరుసును జుట్టు ఒత్తుదనంగా భావించాలి. కుంకుడుకాయ రసంతో తలంటుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, కళ్లు మండినా. వాళ్లది వేరే ఓర్పు.

అవిసె గింజల జెల్ గురించి కూడా చెప్పాలి. మా అక్క కూతురు చేస్తుంది. గింజలు నీళ్లలో ఉడికించి, గుడ్డలో వడగట్టి, తడి రింగులకు రాసి వదిలేస్తుంది. వేడి మీదే వడగట్టాలట, చల్లారితే గుడ్డలోంచి దిగదట. ఈ ఒక్క సంగతి అది నాకు చెప్పడం మరిచిపోయింది. నేను స్టవ్ కట్టేసి సీరియల్ చూసి వచ్చేసరికి గిన్నెలో ఉన్నది జెల్ కాదు, సాగే ముద్ద. గుడ్డతో సహా పారేశాను. గిన్నె ఇంకా నానుతోంది.

వాతావరణ కేంద్రంతో పోటీ పడండి

ఇది ఎన్నో సలహానో గుర్తు లేదు, లెక్క తప్పింది. పై నాలుగంగుళాలు గాల్లో తేమకు ఉబ్బుతాయి. పోగుల మధ్య గంధకపు ముడులే కాక హైడ్రోజన్ బంధాలనే చిన్న ముడులుంటాయి. నీరు తగిలితే విడిపోతాయి, ఆరితే మళ్లీ పడతాయి. ఇస్త్రీ ఒక పూట నిలిచి సాయంత్రానికి చెదిరేది అందుకే. 1783లో సొస్యూర్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త మనిషి వెంట్రుకతోనే గాలిలో తేమ కొలిచే పరికరం చేశాడు. బేగంపేట వాతావరణ కేంద్రం వాన కబురు చెప్పకముందే మా ఆఫీసులో నా తల చూసి గొడుగులు తీసుకున్నవాళ్లున్నారు. దీన్ని ప్రతిభగా భావించకుండా సిగ్గుపడటం అలవాటు చేసుకోండి. సిగ్గు లేకపోతే పార్లర్లు నడవవు.

చిన్నప్పుడు తెనాలి బళ్లో నా పేరు పుట్టపర్తి. ఇంటి పేరు అనుకునేరు, కాదు. క్లాసులో నా వెనక కూర్చునేవాళ్లకు బ్లాక్‌బోర్డు కనబడేది కాదట. అమ్మ రోజూ పొద్దున నూనె కుండలా చేసి, సన్నపళ్ల దువ్వెనతో తల వెనక్కి లాగి లాగి రెండు జడలు వేసేది. "ఈ రింగులు మీ నాన్నమ్మవి. ఆవిడా అంతే, దేనికీ లొంగేది కాదు" అనేది. జుట్టుకంటే అత్తగారి మీదే ఆ దువ్వెన గట్టిగా దిగేదని ఇప్పుడనిపిస్తుంది. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందన్న సామెత రింగులున్నమ్మ గురించి చెప్పలేదు.

తర్వాత 2011లో 'అలా మొదలైంది'లో నిత్యా మేనన్ ఆ జుట్టుతోనే తిరిగింది. ఇంకొన్నేళ్లకు అనుపమా పరమేశ్వరన్ రింగుల్ని చూసి కుర్రాళ్లు మతులు పోగొట్టుకున్నారు. మా ఇంట్లో అందరూ టీవీ ముందు "ఎంత బాగుందో ఆ అమ్మాయి జుట్టు" అన్నారు. నేనూ అన్నాను, మూడు వారాల కిందట సాపు చేయించుకున్న తల ఊపుతూ. వాళ్లు సినిమావాళ్లు కదా. మన వీధిలో సగం మంది సినిమావాళ్లే, కృష్ణానగర్ అంటేనే జూనియర్ ఆర్టిస్టుల అడ్డా, కానీ అది వేరు. వేషానికి విగ్గు పెట్టినా ఎవరూ ఏమీ అనరు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా జడ విసిరితే అది సవరమని తెలిసీ జనం మైమరచిపోయేవారు. ఒంటిమీద పుట్టిన జుట్టుకే సంజాయిషీ చెప్పుకోవాలి.

గుండు గురించి ఆలోచించకండి

సాపు చేసినదంతా ఒక్కసారిగా తీసేయడాన్ని అమెరికాలో నల్లజాతి స్త్రీలు బిగ్ చాప్ అంటారు. రెండు రకాల జుట్టుతో నెట్టుకొచ్చే కాలాన్ని ట్రాన్సిషన్ అంటారు. ఈ వ్యవహారమంతా మాటలతో సహా వాళ్లదే. వాళ్ల రిలాక్సర్లలో చాలావాటిలో ఉండేది కాస్టిక్ సోడా, సబ్బులు చేయడానికి వాడేది. తల చర్మం కాలి బొబ్బలెక్కినా తరాల తరబడి రాసుకున్నారు. ఆ జుట్టుకు ఉద్యోగాల్లో, బళ్లలో అడ్డు చెప్పకూడదని 2019లో కాలిఫోర్నియా ఒక చట్టం కూడా చేయాల్సివచ్చింది.

మనకు ఆ బాధ లేదు. మనకు తిరుమల ఉంది. కల్యాణకట్టలో పగలూ రాత్రీ గుండు చేస్తారు, ఉచితంగా. ఆడవాళ్లు ఇవ్వలేకపోతే మూడు కత్తెరలతో సరిపెట్టుకోవచ్చు. ఆ తలనీలాలు వేలానికి వెళ్తాయి, అక్కడినుంచి విగ్గులై విదేశాలకు. అమెరికా హాస్యనటుడు క్రిస్ రాక్ 2009లో 'గుడ్ హెయిర్' అనే డాక్యుమెంటరీ తీస్తూ ఆ జుట్టు జాడ పట్టుకుని ఇండియా దాకా వచ్చాడు. తనకు మంచి జుట్టు ఎందుకు లేదని ఆయన చిన్న కూతురు అడిగిందట, సినిమా అక్కడ మొదలైంది. మన సాపు జుట్టు వాళ్ల తలల మీదికి ఎగుమతి, వాళ్లు విసిగి వదిలేస్తున్న అలవాటు మనకు దిగుమతి. పద్దు రెండు వైపులా సమానంగా ఉంది. నేను చూసిన వాటిలో ఇంత చక్కగా టాలీ అయిన ఖాతా ఇదొక్కటే.

"మొక్కుకోవే, గుండు చేయించుకుంటే ఏడాదిలో పట్టులాంటి జుట్టు వస్తుంది" అని అమ్మ ఫోన్‌లో చాలాసార్లు అంది. పట్టులా రాదు, ఎలా ఉండేదో అలాగే వస్తుంది. అదే కదా నాకు కావాల్సింది అనబోయి ఊరుకున్నాను. మా సందు చివర పోలీసు బెటాలియన్ ఉంది. అక్కడి కుర్రాళ్ల తలకట్టు సమస్యను ఒక్క మిషన్‌తో, అయిదు నిమిషాల్లో తీర్చేస్తారు. గోడ పక్కనుంచి నడిచి వెళ్తూ అసూయ పడుతుంటాను. అసూయ పడండి. అంతకుమించి ముందుకు వెళ్లకండి.

28, 51. మొత్తం 79. ఇంకా 17 సెంటీమీటర్లు తేలడం లేదు. ఆఫీసులో ఇలాంటివాటిని సస్పెన్స్ ఖాతాలో వేసి ఏడాది చివర చూద్దామంటాం.

మొన్న ఆదివారం మా అక్క కూతురు వచ్చింది. అప్పుడే తలస్నానం చేసిన రింగులు భుజాల దాకా దిగుతున్నాయి, చివర్ల నుంచి నీళ్లు టీషర్టు మీద కారుతున్నాయి. స్కేలు తెచ్చి ఒక రింగును సాగదీసి కొలిచాను. 20 సెంటీమీటర్లు. వదలగానే స్ప్రింగులా చెవి దగ్గరికి వెళ్లిపోయింది.

"ఏం చేశావే?"

"ఏం చేయలేదు పిన్నీ."

ఇలాంటి జవాబుల వల్లే ఈ వ్యాసం కోసం దాన్ని సంప్రదించలేదు. భోజనాలయ్యాక అది నన్ను కింద కూర్చోబెట్టి, తను మంచం మీద కూర్చుని, చిక్కు తీస్తానంది. పెద్దపళ్ల దువ్వెనతో కింది నుంచి పైకి, పిడికెడు పిడికెడుగా. దానికి తొందర లేదు. అలమార తెరిచి ఎనిమిది సీసాలూ చూసి నవ్వి కొబ్బరినూనె తెచ్చింది. కుదుళ్ల దాకా పట్టించింది. నేను మధ్యాహ్నం నిద్రలోకి జారుతుండగా పార్లర్ నుంచి ఫోనొచ్చింది. మర్నాటికి నేనే అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, వచ్చే గురువారం మా ఆడపడుచు ఇంట్లో నిశ్చితార్థం ఉంది.

"అక్కా, రేపు పదిన్నరకు యాదుంది గదా? నూనె గీన పెట్టుకోకుండ రా. నూనె ఉంటే మందు పట్టది."

"ఇప్పుడే పెట్టుకున్నానమ్మా."

అటువైపు కాసేపు హెయిర్ డ్రయ్యర్ చప్పుడు.

"అయితే ఎప్పుడొస్తవు మరి?"

మా అక్క కూతురు ఇంకో పాయ విడదీసి నూనె చేయి చాచింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, సీసా మూత తీసి ఇచ్చాను.